లోకం ఆడేవాళ్లందరిదీ: మా ఆట ప్రణాళిక

మేం నల్గొండ, పాలమూరు ప్రాంతాలవాళ్లం. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ, మాటలతోనే ఒక లోకాన్ని నడిపే రోల్‌ప్లేయింగ్ ఆట ఆడతాం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చాక ఈ ఆట ప్రపంచమంతా పాకింది. చాలాచోట్ల దాంతోపాటు ఒక అలవాటూ పాతుకుపోయింది. ఆట నడిపే గేమ్ మాస్టర్ లోకాన్ని ముందే కట్టి తెస్తాడు. మిగతావాళ్లు అందులో తిరిగి చూసి వెళ్తారు. కోట ఎవరిది, వాగు ఎటు పారుతుంది, ఊరు ఏ దేవతకు మొక్కుతుంది, అన్నీ ఆయన నోట్‌బుక్‌లోనే ఉంటాయి. ఈ పద్ధతి మాకు చాలదు. ఆడేవాళ్ల మాటతో లోకం మారాలి. మారిన లోకంలోనే రేపటి ఆట మొదలవ్వాలి.

కథను పంచుకోవడం ఈ నేలకు కొత్త కాదు. బుర్రకథలో కథకుడికి అటొకరు ఇటొకరు వంతలుంటారు. ఒకరు హాస్యం అందుకుంటే ఇంకొకరు రాజకీయం ఎత్తుకుంటారు. కథ పాతదే అయినా వంతల నోట నేటి సంగతులు అందులోకి వస్తాయి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల కళను దొరల పెత్తనం మీద ఎక్కుపెట్టారు. విన్నవాళ్లు తమ ఊరినే ఆ కథలో చూసుకున్నారు. ఆ వారసత్వాన్ని బల్ల దగ్గరికి తెస్తూ ఈ సూత్రాలు ప్రకటిస్తున్నాం.

1. ముందు అడుగుతాం.
1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే దళిత కుటుంబాలను మీకేం కావాలని అడిగారు. వాళ్లు 80 ఎకరాల భూమి కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే 100 ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. అడగకపోయి ఉంటే ఆ మాట ఆ రోజు బయటికొచ్చేదే కాదు. మా గేమ్ మాస్టర్ మొదటి పని కూడా అడగడమే. “నువ్వు పుట్టిన ఊళ్లో చెరువు మీద పెత్తనం ఎవరిది? కరువొస్తే ముందు ఊరు విడిచేదెవరు? రాత్రిపూట మీవాళ్లు ఏ దారిన నడవరు?” జవాబు చెప్పేది ఆ పాత్రధారి. చెప్పిందే ఆ లోకంలో నిజం. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ 2010లో తెచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ కూడా ఇలా అడగడాన్ని ఆట నడిపేవాళ్ల బాధ్యతల్లో చేర్చింది.

2. పటంలో ఖాళీలు ఉంచుతాం.
మా కథలు రాచకొండ, దేవరకొండ కోటల్లో, నల్లమల అంచున, కృష్ణా, మూసీ, డిండి ఒడ్డున నడుస్తాయి. తెలిసిన చోట్లు కదా అని పటం మొత్తం నింపేయం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా స్తంభంలాంటి ఒక నీడ నిలిచే ఉంటుంది. మా ఆటలో ఆ నీడ ఎవరిదో ముందుగా రాసిపెట్టం. అది ఉదయసముద్రం కట్టను కాచే నీరటిదని ఒక ఆటగాడు అంటే, ఆ నీడ కదిలిన రోజు కట్ట తెగుతుందని ఇంకొకరు కలపవచ్చు. అవెరీ ఆల్డర్ 2013లో తెచ్చిన ‘ద క్వయట్ ఇయర్’లో పటం అందరూ కలిసే గీస్తారు. మా పటం మీద కూడా అందరి పెన్సిల్ పడాలి.

3. అన్న మాట నిలబడుతుంది.
హక్కు ఉన్నచోట భారమూ ఉంటుంది. “మా ఊరి బావి నీళ్లు తాగితే ఎముకలు వంకర పోతాయి” అని ఎవరైనా అంటే, మరుసటి వారానికి దాన్ని మరిచిపోకూడదు. ఎముకలు వంచే ఫ్లోరైడ్ నీళ్లను ఎరిగిన నల్గొండ మాది. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసేందుకు నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఆటలోనూ అంతే. ఆ ఊరికి పటిక ఎక్కడ దొరుకుతుంది, ఆ బండ్లను ఆపుతున్నదెవరు, దూరపు బావిని ఎవరు కాపలా కాస్తున్నారు అనేవి కథలు కావాలి. చెప్పిన ప్రతి మాటనూ అందరికీ కనిపించే ఒకే పుస్తకంలో రాస్తాం.

4. మార్పుకు మూల్యం ఉంటుంది, జ్ఞాపకం ఉంటుంది.
శ్రీశైలం జలాశయం నిండితే కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాళ్లు తరలించి అలంపురంలో తిరిగి కట్టారు. ఆటగాళ్లు ఆనకట్ట కడతామంటే గేమ్ మాస్టర్ అడ్డుపడడు. మునిగే ఊరేదో, గుడి రాళ్లు మోసేదెవరో మాత్రం అడుగుతాడు. వారాల తరబడి సాగే ఒక క్యాంపెయిన్ ముగిసినా లోకం చెరిగిపోదు. తర్వాత వచ్చేవాళ్లు ఆ ఆనకట్ట కిందే పొలం దున్నుతారు.

5. ఎవరి మాట ఎంతవరకో ముందే తేల్చుకుంటాం.
తన ఇల్లు, బంధువులు, వృత్తి, ఊరి ఆచారం, ఊళ్లో నడిచే పుకారు ఆటగాడి చేతిలో ఉంటాయి. శత్రువు మనసు, మూసిన తలుపు వెనకున్నది గేమ్ మాస్టర్ దగ్గర ఉంటాయి. ఎందుకంటే చిక్కును వేసినవాడే విప్పేస్తే ఆటలో ఉత్కంఠ మిగలదు. అందుకే తన ముందున్న అడ్డంకిని ఒక్క మాటతో తీసేసే హక్కు ఎవరికీ ఇవ్వం. ఇద్దరి మాటలు పడకపోతే ఆ చోటుకు దగ్గరి పాత్రది పైమాట. అప్పటికీ తేలకపోతే పాచిక వేస్తాం. ఆటగాడి చేతిలో ఉన్నదాన్ని గేమ్ మాస్టర్ కాదనాలంటే కారణాలు మూడే: పుస్తకంలో రాసిన నిజానికి విరుద్ధం కావడం, మరొకరి పాత్రను వాళ్ల చేతుల్లోంచి లాక్కోవడం, బల్ల దగ్గరున్న మనిషిని నొప్పించడం. వేరే ఏ కారణంతోనూ కాదనకూడదు.

6. తక్కువ మాట్లాడినవాళ్లకు ముందు వంతు.
గొంతు పెద్దదైనవాళ్లు కట్టిన లోకం ఒక్కరి లోకమే అవుతుంది. ప్రతి ఆటలో కొత్త చోటుకు చేరినప్పుడు మొదటి ప్రశ్న అప్పటిదాకా తక్కువ మాట్లాడినవాళ్లకే వెళ్తుంది. కులం, చదువు, వయసు, ఆడా మగా తేడాలు ఎవరి మాట బరువునూ పెంచవు, తగ్గించవు.

7. నిజమైన గాయాలను తేలిగ్గా తీసుకోం.
రజాకార్ల కాలం, కరువు, వలస మా ఇళ్లల్లో ఇంకా మాట్లాడుకునే సంగతులు. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టారు, వాళ్ల చేన్లేమో వాన కోసం ఎదురుచూశాయి. వాళ్లు మా ఆటలో జాలిపడాల్సిన బొమ్మలు కారు, లోకాన్ని కట్టే చేతులు. చెంచుల దేవతలను, ఆచారాలను వింత కోసం వాడుకోం. ఎవరికైనా ఒక ఘట్టం భరించలేనిదైతే జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డును తాకితే చాలు, ఆ ఘట్టాన్ని వదిలేస్తాం. ఎందుకని అడగం.

8. ఆట అందరికీ అందాలి.
మన యాసలో ఆడతాం. ఖరీదైన పుస్తకం లేదని ఎవరినీ వెనక్కి పంపం. పాచికలు దొరకకపోతే అష్టాచెమ్మాకు వాడే గవ్వలు, చింతగింజలు ఉన్నాయి. ఇష్టమున్న ప్రతి ఒక్కరికీ ఆట నడపడం నేర్పుతాం. ఒకే మనిషి ఏళ్ల తరబడి గేమ్ మాస్టర్‌గా ఉంటే పెత్తనం మెల్లగా ఆ కుర్చీకే చేరుతుంది.

ఈ ఎనిమిది సూత్రాలకు మేం కట్టుబడి ఉంటాం. కొత్త క్యాంపెయిన్ మొదలయ్యే ప్రతిసారీ వీటిని పైకి చదువుతాం. కొత్తగా వచ్చినవాళ్లతో సహా బల్ల దగ్గరున్న ప్రతి ఒక్కరికీ ఒక సూత్రాన్ని చేర్చమనే, మార్చమనే హక్కు ఉంటుంది. అందరూ ఒప్పుకున్నదాన్ని ఆ రోజే పుస్తకంలో రాసి, ఆ తర్వాతే ఆట మొదలుపెడతాం.