లేని నలుపును గోరింటాకుకు అంటగట్టొద్దు

గోరింటాకు తలకు నలుపు ఇవ్వదు. ఆ ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుకలోని కెరాటిన్‌ను పట్టుకుని ఎర్రబరుస్తుంది, అంతవరకే దాని పని. అందుకే ‘బ్లాక్ హెన్నా’ అని రాసి ఉన్న ప్యాకెట్ ఏదైనా సరే, కొనేముందు వెనక్కి తిప్పి పారాఫెనిలిన్‌డయమిన్ అనే రసాయనం ఉందేమో చూడండి. రంగు వేసుకున్నాక కొందరికి నెత్తి బొబ్బలెక్కి, కళ్లు మూసుకుపోయేంతగా మొహం వాచేది చాలాసార్లు దానివల్లే. ఆకులతోనే నలుపు కావాలంటే దారి ఉంది, కాస్త ఓపిక ఉండాలి. రాత్రి ఇనప మూకుడులో గోరింటాకు పొడిని టీ డికాక్షన్‌తో కలిపి నానబెట్టి, పొద్దున తలకు పట్టించి, రెండు మూడు గంటలాగి ఉత్త నీళ్లతో కడిగేయాలి. ఆ తర్వాత నీలి ఆకు పొడి. దీన్నీ రాత్రే నానబెడితే దండగ. గోరువెచ్చని నీళ్లలో కలిపి పది పదిహేను నిమిషాలు ఉంచితే ఆకుపచ్చ ముద్ద మీద నీలం పొర కడుతుంది, అప్పుడే రాయాలి. కడిగాక జుట్టు ఆకుపచ్చగా కనిపిస్తే కంగారొద్దు, గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో నలుపు తిరుగుతుంది. నీలి మనకు కొత్తదేం కాదు, ఒకప్పుడు కడప, కర్నూలు చేలల్లో పండి ఓడలెక్కిన సరుకే. అట్ట మీద మూలికల బొమ్మ వేసి లోపల రసాయనం అమ్మేవాళ్లు ఆ రసాయనం పేరునూ ఆకుల పేర్లంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ముందు వైపే అచ్చు వేసేలా ప్రభుత్వం నిబంధన తేవాలి.