తోడు కూడా చికిత్సే

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్. ఎముక మజ్జలో పక్వానికి రాని తెల్లకణాలు అదుపు తప్పి పెరిగి, మంచి కణాలకు చోటు లేకుండా చేయడమే ఈ వ్యాధి. సంపన్న దేశాలలో ఇది వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా కోలుకుంటున్నారు. ఆ చికిత్సలో వాడే ముఖ్యమైన మందులు భారతదేశంలోనూ దొరుకుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, ఆస్పత్రి ఖర్చు భరించలేని కుటుంబాలకు దారి చూపింది. అయితే చికిత్స సాగే రెండు మూడేళ్లలో బిడ్డ మంచం పక్కన కూర్చునే తల్లి గానీ తండ్రి గానీ ఇప్పటికీ ఏ లెక్కలోకీ రావడం లేదు. మందుకూ మంచానికీ పరీక్షకూ వెల కట్టిన వ్యవస్థ, తోడున్న మనిషిని ‘అటెండెంట్’ అన్న ఒక్క మాటతో, చేతికిచ్చిన ఒక్క పాసుతో సరిపెడుతోంది. ఈ లోపాన్ని వైద్యంలోని లోపంగానే చూడవలసి ఉంది.

బిడ్డకు కన్నవారి తోడు అవసరమని ఆస్పత్రులు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. 20వ శతాబ్దం మధ్యకాలం వరకు బ్రిటన్‌లోని అనేక ఆస్పత్రులు, అంటురోగాల భయంతోనూ, తల్లి వచ్చి వెళితే పిల్లలు ఏడుస్తారన్న కారణంతోనూ, తల్లిదండ్రులను వారానికి కొద్ది గంటలే లోనికి రానిచ్చేవి. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మానసిక వైద్యుడు జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆస్పత్రిలో ఎనిమిది రోజులు గడిపిన రెండేళ్ల పాపను చిత్రీకరించి 1952లో ప్రదర్శించారు. తల్లికి దూరమైన పసిబిడ్డ మొదట ఏడ్చి మారాం చేస్తుందనీ, తరువాత దిగులుతో ముడుచుకుపోతుందనీ, చివరికి తల్లి ఎదురుగా వచ్చినా ముఖం తిప్పుకునే స్థితికి చేరుతుందనీ ఆయన పరిశీలన తేల్చింది. వార్డు సిబ్బంది మాత్రం ఆ చివరి దశను చూసి బిడ్డ కుదురుకున్నదని పొరబడేవారు. 1959లో, ఆస్పత్రుల్లోని పిల్లల సంక్షేమాన్ని పరిశీలించిన ప్లాట్ కమిటీ నివేదిక, పిల్లలను చూసేందుకు వేళల ఆంక్షలు తొలగించాలనీ, చిన్నపిల్లల వెంట తల్లినీ చేర్చుకోవాలనీ సిఫారసు చేసిన తరువాత అక్కడి తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి.

తెలుగు రాష్ట్రాల వార్డులలో పరిస్థితి వేరు. ఐసీయూలను మినహాయిస్తే, ఇక్కడ తల్లిని బయట నిలబెట్టడం అరుదు. పైగా ఆమె లేకపోతే వార్డు నడవదు. చేతి మీద నరం దొరకక కాన్యులా సూదిని రెండోసారి గుచ్చుతున్నప్పుడు బిడ్డ పిడికిలి బిగించి పట్టుకునేది ఆమె చీర కొంగునే. తాగిన నీళ్లెన్ని, పోసిన మూత్రమెంత అని కొలిచి నర్సుకు చెప్పేది ఆమె. విన్‌క్రిస్టిన్ వంటి కీమో మందు నరం దాటి బయటికి వస్తే చుట్టూ ఉన్న కండను దెబ్బతీస్తుంది. మందు ఎక్కుతుండగా బిడ్డ చేయి వెనక్కి లాక్కోవడాన్ని మొదట గమనించేది తరచుగా పక్కనున్న తల్లే. కీమో తరువాత తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం కూడా ప్రాణాపాయానికి సూచన కావచ్చు గనుక, యాంటీబయాటిక్ వెంటనే మొదలుకావాలి. అర్ధరాత్రి నుదుటి మీద చెయ్యి వేసి ‘ఒళ్లు కాలుతోంది సిస్టర్’ అంటూ పరుగెత్తే తల్లి చేస్తున్నది వైద్యబృందం చేయవలసిన పనే. ఆ పని చేసే మనిషికి మంచాల మధ్య నేల మీద పరిచిన దుప్పటి, క్యాంటీన్ టీ తప్ప ఏమీ దక్కకపోవడం న్యాయం కాదు.

రాత్రిపూట తల్లిని మాత్రమే ఉండనిచ్చే వార్డులలో తండ్రి ఆవరణలోనో వరండాలోనో తెల్లవారుస్తాడు. పగలు ప్లేట్‌లెట్లు ఇచ్చేవారి కోసం ఊళ్లోని బంధువులందరికీ ఫోన్లు చేస్తాడు. రోజుకూలీ పోతుంది, వడ్డీ పెరుగుతుంది, అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన రెండో బిడ్డ బడి మానేస్తుంది. సుమారు నెల రోజుల తొలి విడత చికిత్స ముగిసేసరికి చాలామంది పిల్లల రక్తంలో క్యాన్సర్ కణాలు కనబడకుండా పోతాయి, బిడ్డ లేచి ఆడుకుంటుంది. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. నయమైందన్న ఆశ, చితికిపోయిన సంసారం కలిసి కుటుంబాన్ని ఇంటిదారి పట్టిస్తే, దాక్కున్న కణాలు మళ్లీ విజృంభిస్తాయి. నయం చేయగల చికిత్సను మొదలుపెట్టకపోవడాన్నీ, మధ్యలో వరుసగా నాలుగు వారాలు లేదా అంతకు మించి ఆపివేయడాన్నీ వైద్యులు ‘చికిత్స విరమణ’ అంటారు. అలా ఆగిపోయిన కుటుంబం వారిని అజ్ఞానులని నిందించడం తేలిక. ఆ తల్లిదండ్రుల ఓపిక ఎక్కడ తెగిందో వెతకడమే బాధ్యత గలవారి పని.

రోగం వల్ల పోయిన కూలిని ప్రభుత్వం లెక్కించడం కొత్త ఆలోచన కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో, చికిత్స తరువాత విశ్రాంతి తీసుకునే రోగికి రోజుకు 225 రూపాయల చొప్పున భృతిని ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు బిడ్డల పెంపకం, అనారోగ్యం వంటి అవసరాలకు మొత్తం సర్వీసులో 730 రోజుల సెలవు ఉంది. మిరప కోతకు వెళ్లే తల్లికి మాత్రం అటువంటి సెలవు ఒక్క రోజు కూడా లేదు. రోగికి వర్తించిన సూత్రాన్ని, రోగి పసిబిడ్డ అయినప్పుడు, కూలి మానుకుని తోడుండే మనిషికి వర్తింపజేయడం న్యాయం. దానితోపాటు మంచం పక్కన నడుము వాల్చేందుకు చోటు, రెండు పూటలా భోజనం, తల్లీ తండ్రీ వంతులవారీగా ఉండేందుకు రెండో పాసు, రోజూ ఒక నిర్ణీత వేళలో డాక్టరు కూర్చోబెట్టి తెలుగులో పరిస్థితి చెప్పే ఏర్పాటు ఉండాలి. వీటిలో ఏదీ ఆస్పత్రికి మోయలేని భారం కాదు.

క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది 2030 నాటికి బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యానికి మందులతో పాటు, రెండు మూడేళ్ల పాటు నిలబడగలిగే తల్లిదండ్రులు కావాలి. బిడ్డ మంచానికి తగిలించిన కేసు షీటులో జ్వరం, మందు, మూత్రం రాసే గడులు ఇప్పటికే ఉన్నాయి. తోడున్నవారు ఈ రోజు తిన్నారా, నిద్రపోయారా, ఇంటికి వెళ్లిపోయే ఆలోచనలో ఉన్నారా అని అడిగి రాసే గడి ఒకటి వాటి పక్కన చేరాలి.