ఇనుప పందిరి

మొన్న వైశాఖంలో వచ్చిన గాలివానకు మా పెరట్లో వెదురు పందిరి కూలింది. పందిరి పోతే పోయింది. దానిమీది సన్నజాజి తీగ బురదలో పడి ఉండడం చూసి మా అమ్మ ఆ పూట భోజనానికి లేవలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ ఇల్లు కట్టిన ఏడు నాన్నగారు నాటిన తీగ అది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ మాట అమ్మా అనలేదు, మేమూ అనలేదు.

"ఈసారి ఇనుముతో వేయించండి. ఏటా వెదుళ్లు మార్చే బాధ తప్పుతుంది" అంది మా ఆవిడ. అక్కడితో ఊరుకోక, పైన ప్లాస్టిక్ రేకు కూడా వేయిస్తే వానలో సైతం కింద కూర్చుని కాఫీ తాగవచ్చునంది. సబబుగానే తోచింది. కాని రేకు కింద తీగకు ఎండేదీ, వానేదీ? కాఫీయా, జాజా అన్న వ్యవహారం మా ఇంట్లో రెండు రోజులు నలిగింది. చివరకు ఆవిడే, "కాఫీ వంటింట్లోనూ తాగవచ్చు లెండి" అని తీర్పు చెప్పింది.

2018లో ఎల్.బి. నగర్ దాకా మెట్రో వచ్చిన తర్వాత కొట్లు తిరగడం నాకు సరదా అయింది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే ఎల్.బి. నగరే. అక్కడ ఒక ఇనుప కొట్లో రెండంగుళాల చదరపు గొట్టం, రెండు మిల్లీమీటర్ల మందంది, జింకు పూతది అడిగాను. ఇదేనన్నాడు. నేను పాతికేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఘనపు సెంటీమీటరు ఉక్కు బరువు 7.85 గ్రాములు. ఆ లెక్కన ఇరవై అడుగుల గొట్టం 18 కిలోలకు తక్కువ తూగకూడదు. కాటా మీద పెట్టించాను. పదిహేనుకు కొంచెం అటూ ఇటూ తూగింది! అంటే మందం 1.6 అన్నమాట. కొట్టువాడు నావంక అదోలా చూసి, లోపలినుంచి వేరే గొట్టాలు తెప్పించాడు. కంటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి సుమండీ.

జ్యేష్ఠంలో పని మొదలైంది. నాలుగు మూలలా రెండడుగుల గుంటలు. మొరం సులువుగానే తెగింది గాని, నాలుగో గుంటలో అడుగు దిగగానే బండ తగిలింది. పందిరి కాస్త వంకర అయినా సరేనని గుంటను జరిపాం. కాంక్రీటును నేలకన్న నాలుగంగుళాలు ఎత్తుగా, నీళ్లు జారిపోయేలా వాలుగా పోయించాను. ఇనుప స్తంభం తుప్పుపట్టేది మట్టి తాకే చోటనే కదా. గొట్టాల నోళ్లు మూయించాను. వెల్డింగు చేసినచోట జింకు కాలిపోతుంది కనుక, ఆ అతుకులన్నిటికీ మళ్లీ జింకు రంగు వేయించాను. కాలిన జింకు పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుందట. వెల్డింగు కుర్రవాడు గాలివాటం చూసుకుని మరీ నిలబడ్డాడు.

మొదటి స్తంభం ఎత్తబోతుంటే అమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చింది.

"ఇనుప గొట్టానికి కూడానా అమ్మా?" అన్నాను.

"రాట రాటేరా" అంది.

"పెట్టనీయండి సార్, మనకేం పోతది?" అంటూ ఆ కుర్రవాడు చెప్పులు విడిచి పక్కకు జరిగాడు.

తీగ సంగతే భయంగా ఉండేది. విరిగిన కొమ్మలు కోసేసి, మిగిలినదాన్ని గోడకు చేరవేసి, నిప్పురవ్వలు పడకుండా తడిగోనె కప్పాం. అయినా ఆకంతా రాలిపోయింది. ఇరవై రోజులు ఉత్త కట్టె. అమ్మ రోజూ గోటితో బెరడు గీకి చూసేది. లోపల పచ్చగానే ఉందనేది. నాకు నమ్మకం చిక్కలేదు.

పైగా ఎండకు ఇనుము చెయ్యి పెట్టనివ్వడం లేదు. నున్నటి గొట్టానికి తీగకు పట్టు మాత్రం ఎలా చిక్కుతుంది? మా ఆవిడ కొబ్బరి తాడు తెప్పించి నాలుగు స్తంభాలకూ కింది నుంచి పైదాకా చుట్టించింది. చెప్పొద్దూ, నా లెక్కలకు ఈ ఊహ తట్టలేదు.

నిన్న పొద్దున్నే అమ్మ కేకేసింది. లేత చిగురొకటి తాడు చుట్టూ రెండు చుట్లు తిరిగి పైకి పోతోంది.

"మీ నాన్నగారయితే వెదురే కావాలనేవారు" అంది అమ్మ.