గొంతు కూడా అమానతే

తెల్లవారుజామున కూరగాయల బండ్లు నగరం దారి పట్టే వేళకే చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఫజర్ అజాన్ వినిపిస్తుంది. ఆ పిలుపు వినగానే ఒకరు వుజూకు లేస్తారు. ఒకరు పశువుల కొట్టంలోకి వెళతారు. ఇంకొకరు గడియారం చూసుకుని మళ్లీ దుప్పటి కప్పుకుంటారు. అందరికీ ఆ గొంతు పరిచయమే. కాని ఆ గొంతు ఎలా ఉందని మౌజన్ సాబ్‌ను పలకరించేవారు మనలో ఎందరు? ఒకరోజు అది వినబడకపోతే తప్ప దాని సంగతి మనకు గుర్తుకే రాదు.

ఈ ప్రాంతంలోని ఒక చిన్న మసీదులో మేము కళ్లారా చూసిన సంగతి చెబుతాం. ఏళ్ల తరబడి అక్కడ అజాన్ ఇస్తున్న మౌజన్ సాబ్‌కు ఒక రంజాన్ తర్వాత గొంతు బొంగురుపోయింది. ఒకరు తేనె తెచ్చి ఇచ్చారు. ఒకరు మిరియాల కషాయం తాగమన్నారు. చల్లని నీళ్లు తాగినందుకే ఇలా అయిందని ఒకరు మందలించారు. ఆర్.ఎం.పి. దగ్గర సూది కూడా వేయించుకున్నారు. రెండు రోజులు తేలికపడి, మూడో రోజుకు మళ్లీ మొదటికి వచ్చింది. అలా నాలుగు నెలలు గడిచాయి. ఈలోగా పెద్దలు కొందరు 'అజాన్ వినసొంపుగా లేదు, వేరే మనిషిని చూద్దాం' అనుకోసాగారు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఉన్న నీడ, నాలుగు మెతుకులు పోతాయన్న భయంతో ఆయన మరింత బలవంతంగా గొంతు చించుకున్నారు. ఉన్న కాస్త స్వరమూ పోయింది.

చివరికి మేనల్లుడు పట్టుబట్టి గొంతు డాక్టరుకు చూపించాడు. ప్రాణాపాయం ఏమీ లేదని తేలింది. కొన్ని వారాల విశ్రాంతి, గొంతుకు కొంత అభ్యాసం, రెండు మూడు అలవాట్ల మార్పు. చికిత్స అంతే. 'ముందే వచ్చి ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదు కదా' అన్నారట డాక్టరుగారు.

ఆ నాలుగు నెలలూ ఆయన పక్కన సఫ్‌లో నిలబడి నమాజు చేసిన వారిలో మేమూ ఉన్నాం. గొంతు మారిందని మేమూ గమనించాం. ఒక్కరోజైనా 'భాయ్, డాక్టరుకు చూపించారా?' అని అడగలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి ఆ సిగ్గే కారణం.

రోజుకు 162 పలుకులు

మౌజన్ పని తేలికని మనం అనుకుంటాం. ఒకసారి లెక్క వేసి చూద్దాం. హనఫీ పద్ధతిలో అజాన్‌కు 15 వాక్యాలు. ఫజర్‌లో మరో రెండు. ఐదు పూటలకు 77. ఇఖామత్‌కు 17 చొప్పున ఐదు పూటలకు 85. మొత్తం 162. జలుబు ఉన్నా, జ్వరం ఉన్నా, పండగైనా, పెళ్లయినా రోజూ ఇంతే. ఏడాదికి 59 వేలకు పైగా అవుతాయి. ఎన్నోచోట్ల ఆయనే పిల్లలకు అరబ్బీ అక్షరాలు దిద్దిస్తారు, మసీదు ఊడుస్తారు, మయ్యిత్ ఉంటే మైకులో ప్రకటిస్తారు.

గొంతుతో బతికేది మౌజన్ ఒక్కరే కాదు. రంజాన్‌లో ఇరవై రకాతుల తరావీహ్‌లో ఖుర్ఆన్ వినిపించే హాఫిజ్ సాబ్, అరవై మంది పిల్లల గది ముందు నిలబడిన బడి పంతులు, ఇంట్లో వాడలోని ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని చదివించే ఆపా, మార్కెట్లో టమాటాల వేలం పాడే మనిషి, కిక్కిరిసిన బస్సులో కండక్టరు... వీరందరికీ గొంతే పనిముట్టు. నాగలి కర్రు అరిగితే కమ్మరి దగ్గరికి తీసుకుపోతాం. గొంతు అరిగితే మాత్రం 'అదే తగ్గుతుందిలే' అంటాం.

మన గొంతులో స్వరపేటిక ఉంటుంది. అందులో రెండు చిన్న మడతలు ఉంటాయి. వాటినే స్వరతంత్రులు అంటారు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి అవి ఒకదానికొకటి తగులుతూ కంపిస్తాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు వందసార్లకు పైగా, ఆడవారిలో దాదాపు రెండు వందల సార్లు. అరిచినప్పుడు ఆ తాకిడి మరింత బలంగా ఉంటుంది. పార పట్టిన అరచేతికి కాయలు కాసినట్టే, రోజూ ఒరుసుకునే ఆ మడతల మీదా చిన్న చిన్న కాయలు లేస్తాయి. అప్పుడు అవి సరిగా మూసుకోవు. గాలి జారిపోతుంది, గొంతు జీరబోతుంది. కాయలు కాసిన చేతికి విశ్రాంతి ఇస్తే చర్మం మెత్తబడుతుంది. గొంతుకూ అంతే. కాని విశ్రాంతి ఇచ్చేదెవరు?

శరీరం బలంగా ఉంటేనే

గొంతును బాగుచేయాలంటే గొంతు దగ్గరే ఆగితే చాలదు. స్వరానికి ఇంధనం ఊపిరి. ఊపిరికి ఆధారం ఒళ్లు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడే మనిషి పొడుగాటి వాక్యాన్ని ఒక్క ఊపిరిలో చెప్పాలంటే మెడ నరాలు బిగబట్టాల్సిందే. ఆ బిగింపే గొంతును పాడుచేస్తుంది. రోజూ అరగంట చురుకుగా నడిచేవారికి ఊపిరి నిలకడగా ఉంటుంది. బీజాపూర్ రోడ్డు పొడవునా వందలాది మర్రిచెట్ల నీడ మన ప్రాంతానికి దక్కిన వరం. అయినా నడక కోసం ఆ హైవే అంచుకు వెళ్లవద్దు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర జరిగిన బస్సు ప్రమాదాన్ని మనం ఎలా మరిచిపోగలం? పైగా లారీల దుమ్ము, పొగ గొంతుకు శత్రువులు. ఫజర్ తర్వాత పొలాల బాటన నడిస్తే ఊపిరికీ మంచిది, మనసుకూ మంచిది.

'మేము ఐదు పూటలా నమాజు చేస్తున్నాం, అదే వ్యాయామం' అని కొందరు అంటారు. నమాజు ఆరాధన. దానివల్ల ఒంటికి కలిగే మేలు అదనం. దాన్ని సాకుగా చూపి నడక మానుకోవడం న్యాయం కాదు. మన శరీరానికి కూడా మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు కదా!

ఊపిరి అభ్యాసం చాలా సులువు. వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకోవాలి. ముక్కుతో గాలి పీలిస్తే పొట్ట మెల్లగా పైకి లేవాలి, భుజాలు కదలరాదు. నెమ్మదిగా వదలాలి. రోజూ ఐదు నిమిషాలు చేస్తే, నిలబడి పలికేటప్పుడు కూడా ఊపిరి లోతు నుంచి వస్తుంది. అజాన్‌కు ముందు రెండు నిమిషాలు పెదవులు మూసి సన్నగా 'మ్' అంటూ గొంతును వేడి చేసుకుంటే మరీ మంచిది. చల్లారిన ఇంజన్‌ను ఒక్కసారిగా ఎవరూ పరుగెత్తించరు.

ఇక తిండి సంగతి. రాత్రి పొద్దుపోయాక కడుపునిండా తిని వెంటనే పడుకుంటే కడుపులోని పులుపు గొంతుదాకా ఎగదన్నుతుంది. పొద్దున్నే గొంతు జీరగా ఉండటానికి ఎన్నోసార్లు ఇదే కారణం. రంజాన్‌లో సహరీ తిని, ఫజర్ చదివి వెంటనే ఒరిగే అలవాటు మనలో ఎక్కువ. కాసేపు కూర్చుని, తల కొంచెం ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. నూనెలో వేగిన మిర్చీ బజ్జీలు, వరుసగా నాలుగు కప్పుల చాయ్ హాఫిజ్ సాబ్‌కు మర్యాద అని మనం భావిస్తాం. ఆ రాత్రి ఆయన గొంతుకు అవి మర్యాద కావు.

బీడీ, సిగరెట్, జర్దా, గుట్కాల గురించి వేరే చెప్పాలా? గొంతు క్యాన్సర్‌కు ప్రధాన కారణం పొగాకే. పొగాకు మానకుండా తేనె నాకితే ఫలితం ఏముంటుంది?

జమాత్ బాధ్యత

మౌజన్ తన గొంతును తాను కాపాడుకోవాలని చెప్పడం సులువు. కాని సెలవు అడిగితే పని పోతుందని భయపడే మనిషి విశ్రాంతి ఎలా తీసుకుంటారు? తెలంగాణ ప్రభుత్వం ఇమాంలకు, మౌజన్లకు ఇచ్చే గౌరవ వేతనాన్ని 2018లో నెలకు 5,000 రూపాయలు చేసింది. ఈ ధరల్లో దాంతో ఒక కుటుంబం గడవదని అందరికీ తెలుసు. మిగతాది జమాత్ చేతిలోనే ఉంది. అందుకే ఇది ఆయన ఒక్కరి ఆరోగ్యానికి సంబంధించిన విషయం కాదు. మసీదు కమిటీలు, ముతవల్లీలు ఆలోచించవలసిన విషయం.

మొదటి పని, ప్రతి మసీదులో ముగ్గురు నలుగురు యువకులకు అజాన్ సరిగా నేర్పాలి. వంతుల ప్రకారం వారు రోజుకు ఒక పూట ఇస్తే మౌజన్ సాబ్‌కు ఊపిరి దొరుకుతుంది, పిల్లలకు పుణ్యం దక్కుతుంది. రెండవది, గొంతు బాగులేని రోజుల్లో జీతం కోయరాదు. మూడవది, మైకు మంచిది ఉండాలి. గరగరలాడే మైకు ముందు మనిషి అరవక తప్పదు. మంచి మైకు ఉంటే మామూలు గొంతుతో పలికినా చాలు. ధ్వని కూడా ఊరికి సరిపడా ఉంటే చాలు, ఇరుగుపొరుగు చెవులు అదిరిపోనవసరం లేదు.

అజాన్ చరిత్రే మనకు పాఠం చెబుతుంది. అజాన్ పలుకులను కలలో విన్నది హజ్రత్ అబ్దుల్లా బిన్ జైద్ (రజి). అయినా హజ్రత్ బిలాల్ (రజి)కు వాటిని నేర్పమని దైవప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. బిలాల్ గొంతు మరింత చక్కగా, దూరం వినిపించేలా ఉండటమే కారణం. అంటే గొంతును గుర్తించడం, దానికి గౌరవం ఇవ్వడం మనకు మొదటినుంచీ ఉన్న సంప్రదాయమే. నమాజులో మరీ బిగ్గరగానూ, మరీ లోగొంతుకతోనూ కాక మధ్యేమార్గం అనుసరించమని దివ్యఖుర్ఆన్ బోధిస్తుంది. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారుడికి చేసిన హితబోధలో కూడా స్వరం తగ్గించి మాట్లాడమన్న మాట ఉంది. ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి కేకలు వేసుకునే మనకు ఇది మర్యాద పాఠమే కాదు, ఆరోగ్య పాఠం కూడా.

వైద్యుడి దగ్గరికి ఎప్పుడు?

జలుబుతో వచ్చిన బొంగురు సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో తక్కువగా మాట్లాడాలి, నీళ్లు బాగా తాగాలి, ఆవిరి పట్టవచ్చు. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకోవడం పొరపాటు. బలవంతపు గుసగుస కూడా గొంతును అలసటకు గురిచేస్తుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానుకుని ఒక గుక్క నీళ్లు తాగాలి. అతిమధురం, తేనె ఉపశమనం ఇస్తే వద్దనేవారు ఎవరూ లేరు.

కాని మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే కషాయాలతో కాలం గడపరాదు. మింగడం కష్టమైనా, దగ్గితే రక్తం పడినా, మెడలో గడ్డ తగిలినా మూడు వారాలు కూడా ఆగరాదు. ఊపిరి ఆడకపోతే ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి. పొగాకు అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. క్షయ స్వరపేటికకూ సోకవచ్చు.

గొంతు పరీక్ష అంటే కోత కాదు, భయపడవలసింది ఏమీ లేదు. 1854లో మాన్యువెల్ గార్సియా అనే సంగీత గురువు పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దంతో, ఎండ వెలుగులో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. ఇప్పుడు ఆ అద్దం స్థానంలో సన్నని కెమెరా గొట్టం వచ్చింది. కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. కారణం తెలిశాక చాలామందికి స్పీచ్ థెరపిస్టు నేర్పే అభ్యాసమే చికిత్స అవుతుంది.

దూరం అని సాకు చెప్పడానికి కూడా వీల్లేదు. చేవెళ్లలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మొయినాబాద్ మండలం యెన్కపల్లిలో భాస్కర్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మెహదీపట్నం బస్సెక్కి, అక్కడినుంచి కోఠి వెళితే ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. మాట, వినికిడి సమస్యల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన పెద్దమనిషి పేరది. పెద్ద చికిత్స అవసరమైతే ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

'అంతా అల్లాహ్ చిత్తం, డాక్టరు ఏం చేస్తాడు?' అనేవారికి ఒక మాట. ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాత దైవంపై భారం వెయ్యి అన్నదే మనకు అందిన శిక్షణ. రోగాన్ని సృష్టించినవాడే మందునూ సృష్టించాడని, వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా చెప్పారు. కాబట్టి వైద్యుడి దగ్గరికి పోవడం విశ్వాసానికి లోటు కాదు.

మేము మొదట చెప్పిన మౌజన్ సాబ్ ఇప్పుడు మళ్లీ అజాన్ ఇస్తున్నారు. మూడు పూటలు ఆయన, రెండు పూటలు కుర్రవాళ్లు. మునుపటంత గొంతు లేదు కాని స్పష్టంగా ఉంది. ఈ శుక్రవారం జుమా తర్వాత చెప్పుల కోసం తొందరపడకుండా ఒక్క నిమిషం ఆగుదాం. మన మసీదు మౌజన్ సాబ్ దగ్గరికి వెళ్లి సలాం చెప్పి, 'గొంతు ఎలా ఉంది?' అని అడుగుదాం. బాగులేదంటే అక్కడే బస్సు చార్జీలు పోగుచేసి, తోడు వెళ్లే మనిషిని కుదిర్చి పంపుదాం. రోజుకు ఐదుసార్లు మనల్ని పిలిచే మనిషిని మనం ఒక్కసారైనా పలకరించవద్దా?