రాజాంలో విండోస్ ఎవరు కొన్నారు?

ఇంట్లో కంప్యూటర్‌కి డబ్బిచ్చి కొనే ఆపరేటింగ్ సిస్టమ్ మంచిదా, ఫ్రీగా దొరికేది మంచిదా అని మనవాళ్లు వాదించుకుంటుంటే నవ్వొస్తుంది. ఆ పోటీ మన ఊళ్లలో ఎప్పుడు జరిగిందని? మా రాజాంలో విడిగా డబ్బు పెట్టి విండోస్ కొన్న ఇల్లు నేనైతే చూళ్లేదు. లాప్‌టాప్‌తో పాటు వస్తే సరే, దాని ఖరీదు బిల్లులో కలిసిపోయి ఉంటుంది. రాకపోతే షాపులో కుర్రాడు పెన్‌డ్రైవ్ గుచ్చి, మూడొందలు తీసుకుని, ‘ఎక్కించేస్తాడు’. అందులో ఒక్క రూపాయి కూడా మైక్రోసాఫ్ట్‌కి పోదు. ఆ దొంగ కాపీకి మనం పెట్టుకున్న ముద్దుపేరు ‘ఫుల్ వెర్షన్’.

కాబట్టి అసలు పోటీ దొంగ విండోస్‌కీ, దర్జాగా వాడుకోగలిగే లినక్స్‌కీ మధ్య. రెండిటి ఖరీదూ సున్నాయే. అయినా మనం దొంగదాన్నే ఎంచుకుంటాం. నేను అడిగేది ఆ ఎంపిక గురించి.

దొంగతనం తప్పు అని నీతులు చెప్పడానికి రాలేదు. ఆ దొంగతనం వల్ల ఎవరికి లాభమో చూడమంటున్నాను. 1976లో బిల్ గేట్స్ తమ ప్రోగ్రాముని డబ్బివ్వకుండా కాపీ కొడుతున్నారని కంప్యూటర్ అభిమానులను తిడుతూ బహిరంగ లేఖ రాశాడు. అదే మనిషి 1998లో చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కనక మాదే దొంగిలించనీ, అలవాటు పడ్డాక డబ్బెలా వసూలు చెయ్యాలో తర్వాత చూసుకుంటాం అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఆ మాట చైనా గురించి అన్నా, మనకీ అతికినట్టు సరిపోతుంది. ఇంట్లో దొంగ కాపీ మీద చేతులు తిరిగిన పిల్లలే పెద్దయ్యాక ఆఫీసులో అసలు కాపీ అడుగుతారు. మనం కంపెనీకి టోపీ పెట్టామనుకుంటాం గానీ, జీతం లేకుండా దానికి ప్రచారం చేసిపెడుతున్నాం.

పైగా మనకి ‘మనోడే’ అన్న మురిపెం ఒకటి. 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాదుకొచ్చింది, 2014లో హైదరాబాదీ సత్య నాదెళ్ల దానికి సీఈఓ అయ్యాడు. సంతోషమే. అంతమాత్రాన విండోస్ మనదైపోలేదు కదా! 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేశారు. అడిగి నమోదు చేసుకున్నవాళ్లకి ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు, అంతే. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. అంటే 2016లో కొన్న లాప్‌టాప్ నిక్షేపంగా పనిచేస్తున్నా కంపెనీ లెక్కలో తుక్కే. ఎక్స్‌పీకి 2014లో, సెవెన్‌కి 2020లో కూడా ఇలాగే గడువు చెప్పారు. మన ఇంట్లో వస్తువు ఎప్పుడు ముసలిదవ్వాలో వాళ్లు తేల్చడమేమిటి?

‘మాది క్రాక్, మాకీ గొడవల్లేవు’ అంటారా? ఆ క్రాక్ పనిచెయ్యాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. అంటే వీధి తలుపు తాళం తీసి, ఎవరో తెలీని మనిషిని లోపలికి పిలవడం. ఆ కంప్యూటర్లోనే బ్యాంకు పాస్‌వర్డ్, పిల్లల ఫొటోలు, అమ్మ పెన్షన్ కాగితాలు.

ఇక సాహిత్యం వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఒకరి గుప్పిట్లో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి అలవాటు పడితే ఏమవుతుందో మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఏళ్ల తరబడి మన పుస్తకాలు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. ఆ ఫైలుని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరవండి, మీ కథ పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. కన్వర్టర్ వెతుక్కోవాలి, అదయ్యాక తప్పులు దిద్దుకోవాలి. రచయిత బతికుండగానే రాతప్రతి చదవడానికి వీల్లేకుండా పోవడమంటే ఇదే.

మనల్ని ఈ గోతిలోంచి లాగింది యూనికోడూ, దానికోసం పనిచేసి ఫలితాన్ని పంచిపెట్టినవాళ్లూ. దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు, వీవెన్ లేఖిని, సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లు అలా వచ్చినవే. సిలికానాంధ్ర ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు, ఇంకోదాని పేరు గురజాడ. ఒకాయనది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట, ఇంకొకాయన విజయనగరంలో బతికినాయన. ఇద్దరూ మా వైపువాళ్లే. ఆ ఫాంట్లని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. రాత పండితుల సొత్తు కాదని గిడుగు పోరాడాడు. ఆయన పేరున్న ఫాంటుని దొంగ విండోస్‌లో వేసుకుని వాడుకభాష గురించి వ్యాసాలు రాస్తున్నాం!

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకి రెండర్థాలుండబట్టి, స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రకటించిన దగ్గర్నుంచీ తేడా వివరించలేక అవస్థ పడుతూనే ఉన్నాడు. మనకి ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతున్న సంస్థ తనకి ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకుంది, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తెచ్చింది. మాట మన దగ్గరే ఉంది. మనం మాత్రం ఫ్రీ అనగానే జేబు చూసుకుంటాం.

లినక్స్ కష్టమంటారా? చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్సే. కేరళలో ప్రభుత్వ బడిపిల్లలు ఏళ్లుగా దాని మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మింట్ లాంటిదాన్ని పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూడొచ్చు, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్టూ ఉంది, ఆర్టీయెస్సూ ఉంది. బ్రౌజరూ, ఉత్తరాలూ, సినిమాలూ, రాసుకోవడం – సగటు ఇంటి అవసరం ఇంతే కదా. టాలీ, ఫొటోషాప్, కొన్ని గేములు కావాల్సినవాళ్ల సంగతి వేరు. వాళ్లు విండోస్ కొనుక్కోవాలి. కొనుక్కోవాలి అన్నాను, గమనించండి.

లినక్స్ భక్తులకీ నాలుగు అక్షింతలు వెయ్యాలి. రిటైరైన మాస్టారికి మొదటిరోజే టెర్మినల్ తెరవమని చెప్పేదీ, ఏ డిస్ట్రో గొప్పదో కొట్టుకు చచ్చేదీ వీళ్లే. మా ఊరి షాపులో కుర్రాడు అడిగే ప్రశ్న వీళ్లెవరి చెవికీ ఎక్కదు: ‘లినక్స్ ఎక్కించీగల్ను సార్, రేపు ఏటన్నా అయితే ఎవులు సూస్తారు?’ విండోస్ గెలిచింది ఇక్కడ. పాడైతే బాగుచేసేవాడు వీధి చివర ఉన్నాడు కనక గెలిచింది.

అయితే ఆ కుర్రాడు అమ్ముతున్నది విండోస్ కాదు, తన పని. ఆ మూడొందలు లినక్స్ ఎక్కించినా అతనివే. అతనికి నేర్పేవాళ్లే లేరు. 1997 నుంచీ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరు మాది. ల్యాబ్ పరీక్ష కోసం లినక్స్ కమాండ్లు బట్టీపట్టి, రూముకొచ్చి క్రాక్ వేసుకున్న మాలాంటి ఇంజనీర్లు హైదరాబాదులో, బెంగుళూరులో సర్వర్లన్నీ లినక్స్ మీద నడుపుతూ జీతాలు తీసుకుంటున్నారు. పండక్కి ఊరెళ్లినప్పుడు ఆ షాపులో ఒక్క పూట కూర్చుంటే పోయేదేముంది? కుర్రాడికి నేర్పండి, మీ ఫోన్ నంబరిచ్చి రండి. ఆ పని చెయ్యకుండా స్వేచ్ఛ గురించి వాదించడం మానేద్దాం.