కార్డుపై అంకె కాదు, ఆసుపత్రి దూరము చూడవలెను

సింగరేణి గనులలోను, పాల్వంచ విద్యుత్కేంద్రములోను, సారపాక కాగితపు మిల్లులోను, భద్రాచలం మన్యపు బడులలోను యౌవనమంతయు ధారవోసి విరమించు ఉద్యోగులు, శేషజీవితమునకు ఆరోగ్యబీమా నెన్నుకొనువేళ కార్డుపై నున్న లక్షల అంకెను చూచుచున్నారే గాని, ఆ లక్షలు ఏ ఊరి ఆసుపత్రిలో చెల్లునో విచారించుట లేదు. అంకె కన్న ఆసుపత్రుల జాబితాయే ముఖ్యమనియు, ఆ విచారణ విరమణకు ముందే జరుగవలెననియు నా దృఢాభిప్రాయము.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారికిని ఈ మీమాంస తప్పలేదు. 1965లో శాసనమైన అచటి మెడికేరు, 65 ఏండ్లు నిండినవారి వైద్యవ్యయమును భరించుచున్నను, వైద్యుల రుసుములో సాధారణముగా 20 శాతము రోగిమీదనే విడిచిపెట్టును. ఆ లోటును పూరించు అనుబంధ పాలసీకి ప్రీమియము హెచ్చు. కాని మెడికేరు నంగీకరించు ఏ వైద్యుని యొద్దకైనను పోవచ్చును. మెడికేరునకు బదులుగా ప్రైవేటు కంపెనీలు నడుపు అడ్వాంటేజి పథకములకు ప్రీమియము స్వల్పము. కాని జాబితాలోని వైద్యులు, ముందస్తు అనుమతులు అను కట్టుబాట్లు గలవు. చౌకయని రెండవదానిలో చేరి, వ్యాధి ముదిరిన పిమ్మట మొదటిదానికి మరలగోరువారిని, పెక్కు రాష్ట్రములలో కంపెనీలు ఆ వ్యాధినే కారణముగా జూపి నిరాకరింపవచ్చును.

మన పథకములును జాబితాకు కట్టుబడినవే. 2007లో ఆరంభమై, తెలంగాణలో 2023 డిసెంబరున పది లక్షల పరిమితి నందుకొన్న ఆరోగ్యశ్రీ; ఆదాయముతో నిమిత్తము లేక 70 ఏండ్లు నిండినవారికి అయిదు లక్షలు కల్పించుచు 2024 అక్టోబరులో విస్తరించిన ఆయుష్మాన్ భారత్; సింగరేణి విశ్రాంత కార్మికుల వైద్యపథకమైన సి.పి.ఆర్.ఎం.ఎస్. కార్డు: ఇవి యన్నియు పేదలకు, మధ్యతరగతికి ప్రాణాధారములు, వీనిని వదలుకొమ్మని చెప్పువాడు హితుడు కాడు. అయినను జాబితాకు వెలుపలి ఆసుపత్రిలో వీనికి సాధారణముగా చెల్లుబాటు లేదు.

నగరవాసికి ఈ నియమము చిన్న అసౌకర్యము. ఒక వీధిలో దొరకని వైద్యము మరొక వీధిలో దొరకును. చర్ల, దుమ్ముగూడెం వాసులకు అట్లు గాదు. భద్రాచలము చేరిన పిమ్మటను ఖమ్మము ఇంచుమించు 120 కిలోమీటర్లు, హైదరాబాదు 300కు పైమాట. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటి, వంతెనపై రాకపోకలు నిలిచినపుడు రోగిని ఏరు దాటించు శక్తి ఏ కార్డుకును లేకపోయెను. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాక ప్రాంతమువారికి దాపున నున్న పెద్ద ఆసుపత్రి భద్రాచలములో, అనగా పొరుగు రాష్ట్రములో నున్నది. రెండు రాష్ట్రముల పథకములకును జాబితాలు వేరు.

కావున స్తోమత గలవారు కార్డును నిలుపుకొని, దానికి తోడు ఒక చిన్న సొంత పాలసీని, దానిపై సూపర్ టాప్-అప్‌ను తీసికొనవలెను. సంవత్సరములోని బిల్లుల మొత్తము నిర్ణీత పరిమితిని దాటిన పిమ్మటనే ఈ టాప్-అప్ చెల్లించును గనుక ప్రీమియము తక్కువ; జాబితాలో లేని ఆసుపత్రి బిల్లునైనను నియమానుసారము మనము చెల్లించి పిదప రాబట్టుకొనవచ్చును. 2024 ఏప్రిల్ నుండి 65 ఏండ్లు దాటినవారికిని క్రొత్త పాలసీల ద్వారమును బీమా నియంత్రణ సంస్థయైన ఐ.ఆర్.డి.ఎ.ఐ. తెరచినది; 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్యబీమాపై జి.ఎస్.టి. తొలగినది. అయితే అప్పటికే యున్న మధుమేహము, హృద్రోగము వంటి వానికి మూడేండ్ల వరకు నిరీక్షణ విధింపవచ్చును గనుక, 61వ యేట విరమించువారు 58వ యేటనే చేరుట వివేకము. చేరునపుడు వ్యాధిని దాచుట తమకు తామే హాని చేసికొనుట.

స్వల్ప పింఛనుతో బ్రదుకు గని కార్మికునికి, పింఛనే లేని గిరిజన రైతునకు ఈ ఉపదేశము వర్తింపదు. ప్రీమియము కట్టలేనివారికి స్వేచ్ఛను బోధించుట అన్యాయము. వారికొరకు జాబితాయే అడవి దాకా రావలెను. గుండెపోటు, పక్షవాతము, మూత్రపిండవ్యాధులకు తగిన నిపుణులను భద్రాచలము, కొత్తగూడెము ప్రభుత్వ వైద్యశాలలలో నిలుపుట, సరిహద్దు ప్రజల కార్డులను ఉభయ రాష్ట్రములును పరస్పరము అంగీకరించుట, ఈ రెండును ప్రభుత్వముల విధులు. జీవితకాలము శ్రమించిన వృద్ధునకు వైద్యమును పత్రముపై వ్రాసి యిచ్చుట చాలదు. అది వేళకు అందునట్టి దూరములో నుండవలెను.