పాత మోటారు సైకిలు: రోగనిదానమే సగము చికిత్స



మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు గ్రామములలో మోటారు సైకిలు నేడు విలాసవస్తువు కాదు. వేకువజామున పాలక్యానులు కేంద్రమునకు చేరుట, కూరగాయల మూటలు అంగడికి పోవుట, ఎరువు బస్తా పొలముగట్టునకు వచ్చుట, కర్మాగారములో పనిచేయు కుమారుడు రాత్రి షిఫ్టునకు పోయి వచ్చుట, ఇవన్నియు దానిమీదనే సాగుచున్నవి. కాడియెద్దు జబ్బుపడినచో దుక్కి యెట్లు నిలుచునో, బండి మొరాయించినచో ఆ యింటి వ్యవహార మట్లే నిలుచును.

అట్టి సమయమున మనవారు సాధారణముగా రెండు మార్గములలో నొకదానిని పట్టుచున్నారు. మొదటిది, ఊహమీద సామానులు మార్పించుట. నేడు ప్లగ్గు, రేపు కార్బురేటరు, ఎల్లుండి కాయిలు. రెండవది, విసిగి బండిని తుక్కు ధరకు అమ్మి, వాయిదాలమీద క్రొత్తదానిని తెచ్చుట. రెండును తొందరపాటు పనులే యని నా యభిప్రాయము. రోగ మెరుగక మందిచ్చుట వైద్యము కానట్లే, లోప మెరుగక సామాను మార్చుట మరమ్మతు కాదు.

మన గ్రామములలోని పాత బండ్లు పెక్కు సరళమైన నిర్మాణము గలవి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, ఈ రెండును 97.2 సీసీ ఇంజనులే. వీనిలో ఇంధనమును గాలితో కలుపునది కార్బురేటరు. 2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్-6 నిబంధనలవలన క్రొత్త బండ్లలో పెక్కింటికి ఎలక్ట్రానిక్ ఇంజెక్షను వచ్చినది. దాని లోపము తెలియుటకు ప్రత్యేక యంత్రము కావలయును. పాతదానికి స్పానరు, ఓర్పు చాలును.

ఇంజను సరిగా నడచుటకు నాలుగే కావలయును: మంచి పెట్రోలు, శుభ్రమైన గాలి, సమయమునకు నిప్పురవ్వ, సిలిండరులో తగిన ఒత్తిడి. పరీక్షయు సులభమైన దానినుండి కష్టమైన దానికి పోవలయును. బండి కొంతదూరము నడచి ఆగి, ట్యాంకు మూత తెరచి మూసినంతనే మరల నడచినచో, మూతలోని గాలిరంధ్రము మూసికొనిపోయినదని గ్రహింపుడు. దానికి సూది చాలును. క్రొత్త కార్బురేటరు వలదు. పిదప ఎయిర్ ఫిల్టరును చూడుడు. లారీల రాకపోకలతో దుమ్ము లేచు మన బాటలలో అది త్వరగా పూడిపోవును. అప్పుడు పెట్రోలు పాలు హెచ్చి, నల్లని పొగ వచ్చి, మైలేజీ పడిపోవును.

తరువాత ప్లగ్గును విప్పి దాని కొనను చూడుడు. ఇటుకపొడి వర్ణముండిన దహనము సరిగా నున్నది. పొడిమసి పట్టినచో పెట్రోలు ఎక్కువ, లేదా గాలి తక్కువ. మిక్కిలి తెల్లగా నున్నచో పెట్రోలు చాలుట లేదు, లేదా ఎచ్చటనో గాలి లోనికి చొరబడుచున్నది. నూనె తడి యున్నచో రింగులను, వాల్వు సీళ్లను అనుమానింపవలయును. ప్లగ్గు కొనల నడిమి సందు బండి పుస్తకమునందు చెప్పినట్లే యుండవలయును. ఈ పరీక్షలు ఇంజను చల్లారిన పిమ్మట, బీడీ నిప్పునకు దూరముగా చేయవలయునని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక పెట్రోలు సంగతి. 2025 నాటికి దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. ఇథనాలును చెఱకునుండియు, మొక్కజొన్న, నూకలనుండియు తీయుదురు గనుక ఇది రైతునకు లాభకరమే; జహీరాబాదు వైపు చెఱకు పండించువారికి ఇది తెలిసిన విషయమే. అయినను పాత బండికి దీనివలన కొన్ని చిక్కులు గలవు. ఇథనాలు నీటిని ఆకర్షించును. ట్యాంకులో నీరు మితిమీరినచో ఇథనాలును, నీరును కలిసి అడుగునకు దిగును. కార్బురేటరునకు పోవు గొట్టము అచ్చటినుండియే లాగును. పాత రబ్బరు గొట్టములు, వాషర్లు చెడును. ఇథనాలులో ప్రాణవాయు వుండుటచే, పాత జెట్టు ఇచ్చు మిశ్రమము పలుచనగును. మైలేజీయు కొంత తగ్గును. ద్విచక్రములకు ఈ తగ్గుదల నూటికి 3 నుండి 4 పాళ్లని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసినది. అయితే మైలేజీ సగమునకు పడినచో నేరము ఇథనాలుది కాదు. వేరు లోపమును వెదకవలయును. అనుమానమున్నచో ట్యాంకు అడుగు పెట్రోలును గాజుసీసాలోనికి తీసి కొంతసేపు కదలక నుంచుడు. రెండు పొరలు కనబడినచో ట్యాంకును, కార్బురేటరు గిన్నెను ఖాళీచేసి శుభ్రపరుపవలయును. వారములతరబడి వాడని బండిలో పెట్రోలు నిలువ యుంచరాదు.

ఇవన్నియు సరిగా నుండియు బలము లేనిచో ఒత్తిడిని కొలువవలయును. కొలిచిన పిమ్మట ప్లగ్గు రంధ్రములో ఒక చెంచా ఇంజను నూనె పోసి మరల కొలువుడు. ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగనిచో లోపము సాధారణముగ వాల్వులలో నుండును. రింగుల ఖర్చు వేరు, వాల్వుల సందు సరిచేయు ఖర్చు వేరు. ఈ భేదము తెలియక ఇంజనంతయు విప్పించుకొని వేలు ఖర్చుపెట్టుచున్న వారు కలరు.

పాత బండినెల్ల బ్రతికింపవలయునని నా వాదము కాదు. చట్రము పగిలినను, బ్రేకులు నమ్మరానివైనను, సామాను దొరకకున్నను దానిని విడుచుటయే మేలు. ప్రాణముకంటె బండి ప్రియము కాదు. కాని ఆ తీర్పు పరీక్ష జరిగిన పిమ్మట రావలయును, విసుగుచేత రాకూడదు.

ఇచ్చట మన సంఘముల కొక విధి గలదు. ఒత్తిడి కొలుచు మీటరు, సందు కొలుచు రేకులు, మల్టీమీటరు, ప్లగ్గు స్పానరు, ఇవి ఒక రైతు కొనుటకు భారమైనను సంఘమునకు భారము కావు. తుంపర యంత్రమును ఉమ్మడిగా వాడుకొనుచున్న మనకు ఈ పనిముట్ల పెట్టె ఏల కానిపని? నెలకొక దినము సంఘ కార్యాలయపు ముంగిట పరీక్షాదినము నియమింపవచ్చును. పటాన్‌చెరు కర్మాగారములలో చేయితిరిగిన మన గ్రామపు యువకులు, ఐటీఐ చదివినవారు, కొద్దిపాటి ప్రతిఫలమునకు ఈ పని నడుపగలరు. ప్రతి బండికి ఒక పుట కేటాయించి, కనబడిన లోపము, చేసిన మరమ్మతు, అయిన వ్యయము వ్రాసియుంచవలయును. ఒక యేడు గడచునప్పటికి మన బాటలలో ఏ లోపము తరచు వచ్చునో ఆ పుస్తకమే చెప్పును.

సహకారమనగా అప్పు ఇచ్చుట, ఎరువు పంచుట మాత్రమే కాదు. అప్పు అక్కరలేకుండ చేయుటయు సహకారమే. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టుడని సభ్యులను కోరుచున్నాను.